గొర్రెలకు కృత్రిమ గర్భధారణ: ఏ వీర్యానికి ఏ పద్ధతి

మీరు అడిగినవి మూడు. 80 ఆడ గొర్రెలున్న మందకు మేలుజాతి పొట్టేలు వీర్యాన్ని గడ్డకట్టించిన స్ట్రాలలో (సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో) తెప్పించుకుంటే, ఆవులకూ గేదెలకూ ఎద సూది వేసే మనిషి చేతే వేయించవచ్చా? గొర్రెల్లో ఉన్న పద్ధతుల్లో ఏది మేలు? నూటికి ఎన్ని చూలు నిలుస్తాయి? ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆవుకు వేసే తీరులో గొర్రెకు గడ్డకట్టిన వీర్యం వేయిస్తే నూటికి 10 నుంచి 30 వరకే నిలుస్తాయి. ఆ వీర్యమే వాడాలనుకుంటే ల్యాప్రోస్కోపీ, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు చేసి కెమెరా గొట్టంతో చూస్తూ వీర్యం వేయడం, చేయగల పశువైద్యుడు కావాలి. అది కుదరకపోతే మంచి పొట్టేలునే దగ్గర పెట్టుకుని, అప్పటికప్పుడు తీసిన తాజా వీర్యాన్ని గర్భాశయ ముఖద్వారంలో వేయించండి. మీ మంద పరిమాణానికి నేను ఈ రెండో దారినే సూచిస్తాను.

ఆవులో తేలికైన పని గొర్రెలో ఎందుకు కష్టమంటే, అంతా గర్భాశయ ముఖద్వారం దగ్గరే ఉంది. ఆవుకు సూది వేసేటప్పుడు ఒక చేయి పేడదారిలోకి పెట్టి ముఖద్వారాన్ని పట్టుకుంటారు, రెండో చేత్తో వీర్యం వదిలే గొట్టాన్ని (గన్‌ను) దాని గుండా గర్భాశయంలోకి నడిపిస్తారు. గొర్రె శరీరంలో చేయి పట్టదు కాబట్టి ఆ ఆసరా లేదు. అది చాలదన్నట్టు గొర్రె ముఖద్వారం లోపల నాలుగు నుంచి ఏడు వరకూ గట్టి కండర వలయాలుంటాయి, వాటి మొనలు బయటివైపు తిరిగి ఉంటాయి. గాజులను ఒకదాని వెనక ఒకటి పేర్చి, రెండో దాన్నీ మూడో దాన్నీ పక్కకు జరిపితే ఎలా ఉంటుందో లోపలి దారి అలా ఉంటుంది. మొదటి వలయం దాటిన గొట్టం రెండో వలయం గోడకు తగిలి ఆగిపోతుంది. బలం చేస్తే గోడ చిరుగుతుంది, రక్తం వస్తుంది, ఆ ఎదకు ఇక ఆశ వదులుకోవాల్సిందే. నాలుగైదు ఈతలు ఈనిన గొర్రెల్లో దారి కొంత వదులవుతుంది. ఇంకా ఈనని గొర్రెల్లో దాదాపు మూసుకుపోయినట్టే ఉంటుంది. ఆవుల్లో ఎంత అనుభవమున్న మనిషైనా ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సిందే.

పొట్టేలు దాటినప్పుడు ఈ అడ్డంకి సమస్య కాదు. ఒక్క దాటుకు సుమారు 1 మిల్లీలీటరు వీర్యం పడుతుంది, మిల్లీలీటరుకు 300 కోట్ల వరకూ వీర్యకణాలుంటాయి. అన్నిట్లో కొన్ని ముఖద్వారం జిగురులోకి చేరి, వలయాల సందుల్లో నిలిచి, అక్కడి నుంచి గంటల తరబడి పైకి పోతూ ఉంటాయి. తాజా వీర్యకణానికి ఈ ప్రయాణం చేసే శక్తి ఉంది. గడ్డకట్టి కరిగిన కణానికి అంత శక్తి మిగలదు. గడ్డకట్టేటప్పుడు దాని పైపొర దెబ్బతింటుంది, కరిగాక అది త్వరగా అలసి చనిపోతుంది. పైగా ఆబోతు వీర్యం కంటే పొట్టేలు వీర్యం చలికి సున్నితం. కాబట్టి వీర్యం ఎంత బలహీనమైతే దాన్ని అండానికి అంత దగ్గరగా, అండం విడుదలయ్యే సమయానికి అంత దగ్గరగా వేయాలి. గొర్రెల్లో పద్ధతులన్నీ ఈ లెక్క మీదే పుట్టాయి.

అన్నిటికంటే తేలికైనది యోనిలో వేయడం. స్పెక్యులం (యోనిని తెరిచి లోపల చూసే పరికరం) కూడా లేకుండా గొట్టాన్ని లోపలికి పోనంత దూరం పోనిచ్చి వీర్యాన్ని వదలడమే. ముఖద్వారం ఎక్కడుందో చూడరు కాబట్టి కణాలు ఎక్కువ కావాలి, తాజావైనా సరే 30 నుంచి 40 కోట్లు వేయాలి. మామూలుగా దీన్ని నేను ప్రోత్సహించను. అయితే నార్వేలో గడ్డకట్టిన వీర్యాన్నే యోనిలో వేసి నూటికి 60 పైచిలుకు చూలు సాధిస్తున్నారు. అక్కడ ఎద తెప్పించే హార్మోన్ స్పాంజ్ లేకుండా సహజంగా ఎదకు వచ్చిన గొర్రెలకే వేస్తారు. శిక్షణ తీసుకున్న రైతులు తమ మందకు తామే వేసుకుంటారు. దీన్ని చదివి చాలామంది ఇతర దేశాల్లో ప్రయత్నించారు, ఆ ఫలితం రాలేదు. అదే వీర్యం, అదే పద్ధతి వాడినా ఆడ గొర్రె జాతి మారితే ఫలితం పడిపోతోంది. నార్వే తెల్ల గొర్రె ముఖద్వారంలోనూ దాని జిగురులోనూ వీర్యకణాలకు అనువైన గుణమేదో ఉంది. కాబట్టి నార్వే అంకెను చూసి మీ మందకు లెక్క కట్టుకోవద్దు.

రెండోది ముఖద్వారంలో వేయడం. మీకు పనికొచ్చేది ఇదే కాబట్టి దీని మీద ఎక్కువ చెబుతాను.

గొర్రె వెనక కాళ్లను ఒక కమ్మీ మీదికి ఎత్తి, ముందు కాళ్లు నేల మీదే ఉండేలా ఒకరు పట్టుకోవాలి. బయటి భాగాన్ని పొడిగా, శుభ్రంగా తుడవాలి. నీళ్లతో కడిగితే చుక్క కూడా లోపలికి పోకూడదు, నీరు వీర్యకణాన్ని చంపుతుంది. వెచ్చగా ఉంచిన స్పెక్యులానికి వీర్యానికి హాని చేయని జారుడు పదార్థం కొద్దిగా రాసి, ముందు కాస్త పైకి వంచి, తర్వాత తిన్నగా నెమ్మదిగా లోపలికి పోనివ్వాలి. లైటు వెలుగులో చూస్తే గులాబీ రంగు మడత ఒకటి, ఎక్కువగా యోని కింది గోడకు దగ్గరగా కనిపిస్తుంది. ముఖద్వారం అదే. మంచి ఎదలో ఉంటే అక్కడ జిగురు ఉంటుంది. గొట్టం మొనను ఆ మడతలోకి నెమ్మదిగా దూర్చాలి. సెంటీమీటరు పోతే చాలు, రెండు పోతే అదృష్టం, ఆగిన చోట ఆపేయాలి. స్పెక్యులాన్ని కాస్త వెనక్కి లాగి అప్పుడు వీర్యాన్ని వదలాలి, లేకపోతే ముఖద్వారం సాగి ఉండి వీర్యం వెనక్కి కారుతుంది. పరిమాణం 0.05 నుంచి 0.2 మిల్లీలీటర్లే, అంతకంటే ఎక్కువైతే నిలవదు. ఆ కొద్దిలోనే 15 నుంచి 20 కోట్ల చురుకైన కణాలుండాలి. గొర్రెను వెంటనే కిందికి వదిలేయకుండా నెమ్మదిగా దించండి. అరుపులూ కేకలూ కుక్కలూ దగ్గర లేకుండా చూడండి. బెదిరిన గొర్రెలో గర్భాశయం కదలిక దెబ్బతిని కణాలు పైకి పోవు.

తాజా వీర్యంతో ఇది బాగా జరిగితే నూటికి 50 నుంచి 65 చూలు నిలుస్తాయి, మంచి మందలో 70 కూడా చూడొచ్చు. ఇది చిన్న మందలకే పనికొచ్చే పద్ధతి అనుకోకండి. ఫ్రాన్స్‌లో రోక్‌ఫోర్ జున్ను ప్రాంతంలోని లకోన్ పాల గొర్రెలకు ఏటా లక్షల సంఖ్యలో వేసేది 15 డిగ్రీల దగ్గర ఉంచిన తాజా వీర్యమే, తీసిన కొద్ది గంటల్లోనే వేసేస్తారు. పొట్టేళ్లను ఒకచోట ఉంచి, మందలన్నిటికీ తేదీలు ముందే కేటాయించి, వీర్యాన్ని ఆ రోజే పంపుతారు. ఆ జాతిలో పాల దిగుబడి తరాలుగా పెరుగుతూ రావడానికి ఈ ఏర్పాటే ఆధారం. పక్కపక్క మందలవాళ్లు ముగ్గురో నలుగురో కలిస్తే ఇదే ఏర్పాటు చిన్న స్థాయిలో మీరూ చేసుకోవచ్చు.

వీర్యం సంగతికి వద్దాం. పొట్టేలుకు కృత్రిమ యోని అలవాటు చేయాలి. ఎదలో ఉన్న గొర్రెను కదలకుండా కట్టి, పొట్టేలు ఎక్కబోయేటప్పుడు పక్క నుంచి కృత్రిమ యోనిని అందించాలి. దాని లోపలి వేడి 42 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లబడితే పొట్టేలు వదలదు, ఎక్కువ వేడైతే భయపడి మళ్లీ దగ్గరకు రాదు. కరెంటు పరికరంతో వీర్యం తీసే పద్ధతి కూడా ఉంది. అది జంతువుకు బాధ కలిగిస్తుంది, వీర్యంలో మూత్రం కలిసే ప్రమాదమూ ఎక్కువ. రోజూ వీర్యం తీయాల్సిన పొట్టేలుకు అది వద్దు.

తీసిన వీర్యం చిక్కటి మీగడ రంగులో ఉండాలి. గులాబీ ఛాయ ఉంటే తాజా రక్తం కలిసినట్టు, గోధుమ రంగైతే పాత రక్తం, బూడిద రంగులో ఉంటే చీము అనుమానించాలి, పసుపు పచ్చగా వాసనొస్తే మూత్రం. ఇవేవీ వాడొద్దు. గాజుగొట్టాన్ని 30 డిగ్రీల నీళ్లలో ఉంచి, ఒక చుక్కను వెచ్చటి గాజు పలక మీద వేసి తక్కువ పవరు సూక్ష్మదర్శినిలో చూడాలి. కణాల గుంపు సుడులు తిరుగుతూ అలల్లా కదలాలి. 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు, 4 గానీ ఆపైన గానీ వచ్చినవే వాడటం మంచిది.

పలుచన చేసే ద్రావణానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వెన్న తీసిన పాలపొడి 11 గ్రాములను 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, నీళ్ల గిన్నెలో పెట్టి 92 నుంచి 95 డిగ్రీల వేడి మీద 8 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. పాలలో వీర్యకణాలకు హాని చేసే ఒక ప్రొటీన్ ఆ వేడికి నశిస్తుంది, అందుకే ఈ మెట్టు వదలకూడదు. చల్లారాక మిల్లీలీటరుకు 1,000 యూనిట్ల పెన్సిలిన్, 1 మిల్లీగ్రాము స్ట్రెప్టోమైసిన్ కలపాలి. గుడ్డు పచ్చసొన, ట్రిస్, సిట్రిక్ ఆమ్లం, చక్కెరతో చేసే ద్రావణం కూడా మంచిదే. ఏది వాడినా ద్రావణం, వీర్యం రెండూ ఒకే వేడిలో, 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే కలపాలి, ద్రావణాన్నే వీర్యంలోకి కొద్దికొద్దిగా పోయాలి. ఆ తర్వాత నెమ్మదిగా 15 డిగ్రీలకు దించి ఉంచితే అదే రోజు, 8 నుంచి 12 గంటల్లో వాడుకోవచ్చు. 5 డిగ్రీలకు దించితే ఒక రోజు దాకా లాగొచ్చు కానీ గంటలు గడిచేకొద్దీ చూలు శాతం దిగుతూనే ఉంటుంది. కాబట్టి వీలైనంత త్వరగా వేసేయండి. వీర్యం గొట్టం మీద ఎండ పడటం, ఒక్కసారిగా చల్లగాలి తగలడం రెండూ విషంతో సమానం.

ఒక్కసారి తీసిన వీర్యంలో 300 కోట్ల కణాలుండి, గొర్రెకు 20 కోట్లు వేస్తే 15 గొర్రెలకు సరిపోతుంది. ఉదయం రెండుసార్లు తీయగల పొట్టేలు ఉంటే 30. మీ 80 గొర్రెలను మూడు విడతలుగా విడగొడితే ఒకే పొట్టేలు సరిపోతుంది. అదే పొట్టేలును అన్నీ ఒకేసారి ఎదకు వచ్చేలా చేసిన మందలోకి వదిలితే 10 గొర్రెలకు మించి నమ్మలేం.

ఇక మందను ఒకే సమయానికి ఎదకు తేవడం. గొర్రె ఎద చక్రం 16 లేదా 17 రోజులు, ఎద ఉండేది 24 నుంచి 36 గంటలు, అండం విడుదలయ్యేది ఎద చివర్లో. ఆవులా అరవదు, ఇతర గొర్రెల మీదికి ఎక్కదు. పొట్టేలు దగ్గర లేకపోతే అది ఎదలో ఉందని మనకు తెలియదు. సహజ ఎద మీదే వేయాలనుకుంటే వాసెక్టమీ (వీర్యనాళం కోసే ఆపరేషన్) చేసిన పొట్టేలునో, పొట్ట కింద గుడ్డ కట్టిన పొట్టేలునో రోజుకు రెండుసార్లు మందలో తిప్పాలి. ఉదయం దొరికినవాటికి సాయంత్రం, సాయంత్రం దొరికినవాటికి మర్నాడు ఉదయం వేయాలి. మందులు లేని పద్ధతి ఇది, చూలు కూడా బాగా నిలుస్తుంది. మనిషి శ్రమే ఎక్కువ. ఇంట్లో ఓపిగ్గా చూసేవాళ్లుంటే మొదటి ఏడు దీన్నే ఎంచుకోమంటాను.

సమయం కట్టుదిట్టంగా ఉండాలంటే, ఎదను ఆపి ఉంచే ప్రొజెస్టోజెన్ హార్మోన్ ఉన్న స్పాంజ్‌లు వాడతారు. మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ 60 మిల్లీగ్రాములవి ఒక రకం, ఫ్లూజెస్టోన్ 30 లేదా 40 మిల్లీగ్రాములవి ఇంకో రకం. ప్రొజెస్టెరోన్ ఉన్న సిలికోన్ పరికరాలు కూడా దొరుకుతాయి. స్పాంజ్‌ను యోనిలో 12 నుంచి 14 రోజులు ఉంచి, తీసే రోజున పీఎంఎస్‌జీ (అండాలను ఎదిగించే హార్మోన్) సూది 300 నుంచి 500 యూనిట్లు ఇస్తారు. ఎద కాలంలో తక్కువ, ఎద లేని కాలంలో ఎక్కువ. మోతాదు మీ పశువైద్యుడే నిర్ణయించాలి, ఎందుకంటే ఎక్కువైతే మూడు నాలుగు పిల్లలు పడి తల్లినీ పిల్లలనూ పోగొట్టుకుంటారు. స్పాంజ్ తీశాక రెండు రోజుల్లోపే దాదాపు అన్నీ ఎదకొస్తాయి. ముఖద్వారంలో తాజా వీర్యం వేసేందుకు స్పాంజ్ తీసిన 55 గంటల ప్రాంతం సరైనది. ఈ గంటల లెక్క పీఎంఎస్‌జీ ఇచ్చిన గొర్రెలకే వర్తిస్తుంది. ఒకే గొర్రెకు ఏటా పీఎంఎస్‌జీ ఇస్తూ పోతే కొన్నింట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై, ఎద ఆలస్యమై, ఆ 55 గంటల లెక్క తప్పుతుంది. అందుకే ఏటేటా ఒకే గొర్రెలను స్పాంజ్‌కు ఎంచుకోవద్దు.

స్పాంజ్ పెట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, మందు చర్మానికి తగలకూడదు. పెట్టే గొట్టాన్ని గొర్రెకూ గొర్రెకూ మధ్య క్రిమిసంహారకంలో ముంచి తీయండి. తీసేటప్పుడు దుర్వాసనతో ద్రవం వస్తే కంగారు పడొద్దు, అది మామూలే, రెండు రోజుల్లో పోతుంది. దారం కనిపించకపోతే స్పాంజ్ పడిపోయిందని తేల్చేయకండి, చాలాసార్లు లోపలే అడ్డం తిరిగి ఉంటుంది. లోపల ఉండిపోతే ఆ గొర్రె ఎదకు రాదు. ఇంకా ఈనని గొర్రెలకు స్పాంజ్‌లు పెట్టడం నాకు ఇష్టం లేదు, గాయమవుతుంది, ఫలితమూ తక్కువ. వాటిని పొట్టేలుకే వదిలేయండి.

ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ సూదులు రెండు, 9 నుంచి 14 రోజుల తేడాతో ఇచ్చి కూడా ఎదలు కలపొచ్చు. ఇది అప్పటికే చక్రంలో ఉన్న గొర్రెల మీదే పనిచేస్తుంది, ఆ ఎదలో చూలు శాతం స్పాంజ్ కంటే కొంచెం తక్కువ. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. తొలి నెలల చూలులో ఉన్న గొర్రెకు ఈ సూది పడితే ఈసుకుపోతుంది, అంటే చూలు పోతుంది. మందలో పొట్టేలు తిరుగుతూ ఉండి, ఏది చూలో ఏది కాదో తెలియకుండా ఈ మందు ముట్టుకోవద్దు. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు దీన్ని చేత్తో తాకకూడదు.

గడ్డకట్టిన వీర్యం గురించి. మీరు చెప్పిన స్ట్రాలు నిజంగా మేలైన పొట్టేలువైతే వాటిని వృథా చేయకూడదు, అంటే మూడో పద్ధతి అయిన ల్యాప్రోస్కోపీయే దారి. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో మెరినో గొర్రెల్లో ఇది రూపుదిద్దుకుంది. గొర్రెను ముందు రోజు నుంచి పస్తు ఉంచాలి, 24 గంటలు మేత, 12 గంటలు నీళ్లు లేకుండా. పొట్ట నిండుగా ఉంటే గర్భాశయం కనిపించదు, తలకిందులుగా వంచినప్పుడు మేత ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. మత్తు ఇచ్చి, ప్రత్యేకమైన తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా 40 నుంచి 45 డిగ్రీలు వంచుతారు. పొదుగుకు కాస్త ముందు, మధ్యగీతకు అటూ ఇటూ ఉన్ని తీసి శుభ్రం చేసి, చర్మానికి మత్తు సూది వేసి, రెండు చిన్న రంధ్రాలు చేస్తారు. ఒకదాని గుండా కెమెరా గొట్టం, రెండో దాని గుండా సన్నటి సూది ఉన్న గొట్టం. కొద్దిగా గాలి నింపితే గర్భాశయం రెండు కొమ్ములూ కనిపిస్తాయి. ఒక్కో కొమ్ములోకి నేరుగా వీర్యాన్ని వదులుతారు. ఇక్కడ రెండు కోట్ల చురుకైన కణాలే చాలు. స్పాంజ్ తీసిన 60 గంటల దగ్గర, అంటే ముఖద్వారం పద్ధతి కంటే కాస్త ఆలస్యంగా, అండం విడుదలకు దగ్గరగా చేస్తారు. నూటికి 60 నుంచి 70 చూలు నిలుస్తాయి.

ఇది శస్త్రచికిత్సే, చిన్నదైనా శస్త్రచికిత్సే. పశువైద్యుడు కాని మనిషి చేయకూడదు, మత్తు లేకుండా చేయకూడదు. ఒకే గొర్రెకు ఏటా పదేపదే చేస్తే లోపల అతుకులు పడే ప్రమాదం ఉంది. అందుకే ల్యాప్రోస్కోపీని మంద మొత్తానికి చేయించమని చెప్పను. మీ 80లో అన్ని విధాలా మేలైన పది పదిహేను గొర్రెలను ఎంచుకుని, తెప్పించిన స్ట్రాలను వాటికే వాడండి. వాటికి పుట్టిన మగపిల్లల్లో మంచివి పెరిగితే, వచ్చే కాలంలో వాటి తాజా వీర్యమే మీ మందకూ పక్క మందలకూ సరిపోతుంది. దూరం నుంచి తెచ్చిన రక్తం మందలో నిలబడటానికి ఇంతకంటే తెలివైన మార్గం నాకు కనిపించలేదు.

స్ట్రాలు ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటాయి. డబ్బా మెడ దాటి పైకి తీసిన స్ట్రాను కొద్ది సెకన్లలో మళ్లీ లోపలికి దించకపోతే లోపలి కణాలు పోతాయి, బయటికి ఏ తేడా కనిపించదు. 0.25 మిల్లీలీటర్ల స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ముంచి, తుడిచి, వెంటనే వాడాలి. వాడే ముందు ఒక్క స్ట్రాను కరిగించి సూక్ష్మదర్శినిలో చూడమని అడగండి. అడగడం మీ హక్కు. 40 శాతం కణాలైనా ముందుకు కదలకపోతే ఆ తెచ్చినవాటితో గొర్రెకు రంధ్రం చేయడం అన్యాయం.

నాలుగో పద్ధతి కూడా ఉంది, ముఖద్వారాన్ని ఫోర్సెప్స్‌తో వెనక్కి లాగి వంపు ఉన్న గొట్టంతో వలయాలన్నీ దాటించి గర్భాశయంలో వేయడం. కెనడాలోని గ్వెల్ఫ్‌లో రూపొందింది. కొన్ని గొర్రెల్లో దారి దొరుకుతుంది, చాలావాటిలో దొరకదు, గాయాలవుతాయి. ముఖద్వారాన్ని వదులు చేసే మందులతో కలిపి ఎన్నో ప్రయోగాలు జరిగాయి, అన్ని మందల్లోనూ నిలకడగా పనిచేసేది ఇంకా రాలేదు. మీ గొర్రెల మీద ఎవరినీ నేర్చుకోనివ్వకండి.

పద్ధతి ఏదైనా గొర్రె సిద్ధంగా లేకపోతే వృథా. ఈని 60 రోజులు దాటని గొర్రె, బక్కచిక్కిన గొర్రె, మరీ ముసలిది, పొదుగు పాడైనది పక్కన పెట్టండి. శరీర స్థితి 5కు 3 దగ్గర ఉండాలి. నడుము మీద చేయి వేస్తే ఎముక గుండ్రంగా తగలాలి, గుచ్చుకోకూడదు. వేసే ముందు మూడు వారాల నుంచి కొంచెం దాణా పెంచితే అండాలు బాగా విడుదలవుతాయి. టీకాలు, నట్టల మందు, ఉన్ని కత్తిరింపు, ఇవన్నీ నెల ముందే ముగించాలి. వేశాక మూడు నాలుగు వారాలు మందను తోలుకుంటూ దూరాలు తిప్పొద్దు, మేత మార్చొద్దు, కొత్త జీవాలను కలపొద్దు. పిండం గర్భాశయం గోడకు అతుక్కునేది రెండు వారాల తర్వాతే, అప్పటిదాకా అది చాలా సున్నితం. ఎండలు మండే రోజుల్లో వేయిస్తే ఫలదీకరణ జరిగినా పిండం తొలి రోజుల్లోనే పోతుంది.

పొట్టేలుకూ అంతే. ఈ రోజు వచ్చే వీర్యకణం తయారవడం మొదలై దాదాపు రెండు నెలలవుతుంది. అందువల్ల పొట్టేలుకు జ్వరం వచ్చినా, వడదెబ్బ తగిలినా, మేత తగ్గినా దాని ఫలితం వారాల తర్వాత వీర్యంలో కనిపిస్తుంది. పని మొదలుపెట్టే రెండు నెలల ముందు నుంచే దాన్ని నీడలో, మంచి మేత మీద ఉంచండి. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి. బ్రూసెల్లా అనే అంటు క్రిమి పరీక్ష తప్పనిసరి. వృషణం ఒకటి కిందికి దిగనిది, దవడ సరిగా కలవనిది, అలాంటి లోపాలున్న పొట్టేలును ఎంత ఎత్తున్నా తీసుకోకండి. మామూలుగా దాటితే దాని లోపం ముప్పై నలభై పిల్లలకు పోతుంది, కృత్రిమంగా వేస్తే వందలకు పోతుంది. ఒకే పొట్టేలు పిల్లలతో మంద నిండిపోతే తండ్రికీ కూతుళ్లకూ మధ్య కలయిక జరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. రెండేళ్లకోసారి పొట్టేలును మార్చండి. చెవి పోగు నంబరు, ఏ పొట్టేలు, ఏ తేదీ, ఎవరు వేశారు, ఇవన్నీ పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఎవరు వేశారన్నది రాయడం మర్చిపోకండి. ఒకే వీర్యంతో ఒకే రోజు ఇద్దరు వేస్తే ఫలితాల్లో పెద్ద తేడా రావడం మామూలు విషయం.

చివరగా, వేసిన తర్వాత. నిలవని గొర్రెలు 16, 17 రోజులకు మళ్లీ ఎదకొస్తాయి. వేసిన 14వ రోజున ఒక మామూలు పొట్టేలును మందలో వదిలితే అవి దానికి చూలు కడతాయి, ఏడాది వృథా కాదు. గొర్రె చూలు కాలం 147 నుంచి 150 రోజులు. కృత్రిమంగా నిలిచినవి ముందు ఈనుతాయి, పొట్టేలుకు నిలిచినవి రెండు వారాలకు పైగా తేడాతో ఈనుతాయి కాబట్టి ఏ పిల్ల ఎవరిదో గందరగోళం ఉండదు. ఆ పొట్టేలు వేరే జాతిదో వేరే రంగుదో అయితే ఇంకా మంచిది. వేసిన 35 నుంచి 45 రోజుల మధ్య స్కానింగ్ చేయిస్తే కృత్రిమ చూలు ఏవో, ఎన్ని పిల్లలో తెలుస్తుంది. ఆ సమయానికి పొట్టేలు వల్ల నిలిచినవి ఇంకా చిన్నవిగా ఉంటాయి, స్కానింగ్ చేసే డాక్టరుకు పొట్టేలును వదిలిన తేదీ ముందే చెప్పండి. కవలలు ఉన్నవాటిని వేరు చేసి చివరి ఆరు వారాలు దాణా పెంచండి. మీరు ఏ నెలలో మొదలుపెట్టాలనుకుంటున్నారో, మందలో ఈనినవి ఎన్ని, తొలిసారివి ఎన్ని, దగ్గరలో ల్యాప్రోస్కోపీ చేసే వైద్యుడు ఉన్నారో లేదో రాస్తే, స్పాంజ్ పెట్టే రోజు నుంచి స్కానింగ్ రోజు దాకా తేదీల పట్టిక మీకు వేసి ఇస్తాను.